పేరు అదే, నంబరు పాతది

దోహాలో మా సైట్ ముచ్చట ఒకటి చెప్తా. తెల్లారితే స్లాబ్ కాంక్రీట్. మారిన డ్రాయింగ్ ఆఫీసు సర్వర్‌లో ఉంది. అందరికీ తెరుచుకుంటోంది, నా సొంత ల్యాప్‌టాప్‌లో మాత్రం రావట్లేదు. రీస్టార్ట్ చేశా, లాభం లేదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని సర్వర్ పేరు కొడితే పక్కాయన సిస్టమ్‌లో 192.168.1.50 వచ్చింది. నా దాంట్లో 192.168.1.20! అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కింద ఐటీ పిలగాడు నా హోస్ట్స్ ఫైల్‌లో ఒక లైను రాసిపోయాడు. తర్వాత సర్వర్ నంబరు మారింది. కంప్యూటర్ బయట అడిగే ముందు ఆ ఫైల్‌నే చూస్తుంది. ఫోన్‌లో అమ్మ పేరు మీద పాత నంబరు ఉన్నట్టే, ఎన్నిసార్లు నొక్కినా అటే పోతుంది.

నోట్‌ప్యాడ్‌ను రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరవాలి, లేకపోతే సేవ్ కాదు. సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ. అక్కడ ఆల్ ఫైల్స్ పెడితేనే హోస్ట్స్ కనిపిస్తుంది. నేను దీని దగ్గరే అరగంట పోగొట్టుకున్నా. ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి, ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టా. డ్రాయింగ్ వచ్చింది. చూస్తే ఒక బీమ్‌లో రెండు రాడ్లు పెరిగాయి. రాత్రికి రాత్రి ఫిట్టర్లను లేపాల్సి వచ్చింది.

క్యాంపులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఆ ఫైల్ ఒకసారి చూడండి. అందులో మీ బ్యాంకు పేరు కనిపిస్తే దాంట్లో పాస్‌వర్డ్ కొట్టకండి. తెలిసినవాళ్లకు చూపించేదాకా ఊరికి డబ్బులు ఫోన్ నుంచే పంపండి.