లెక్క కుదరని వోల్టేజి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భారతము చదువుకొనుచు ఊరి లెక్కలు వ్రాయు నాకు రేడియోతో పనియేమని మీరడుగవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు కరెంటును టెలిఫోనులును స్తంభించినవి. అట్టి వేళ లైసెన్సు గల హామ్ రేడియోవారు తమ సెట్లతో వార్తలు చేరవేసిరి. కావున పాత సెట్టైనను సిద్ధముగా నుండుట మేలు.

గాజువాక కడ ఆటోనగర్‌లో ఒక మిత్రుని షెడ్డునందు అట్టి పాత సెట్టు గలదు. వినుటకు బాగుగనే యుండెను; మాటాడుటకు మీట నొక్కగనే దీపము మసకబారి, మాట వణకుచుండెను. 13.8 వోల్టులుండవలసిన సరఫరా 11కు దిగుచుండెను. అచ్చటి కుర్రవాడు వోల్టేజి హెచ్చించు మరను త్రిప్పబోగా వలదంటిని. లెక్క కుదరనప్పుడు అంకె దిద్దినచో పోయిన పైకము తిరిగి రాదు. మర త్రిప్పినను లోటు తీరదు. పైగా మీట వదలగనే వోల్టేజి హద్దుమీరి సెట్టు కాలిపోవచ్చును.

ముందుగా సెట్టును విడదీసి, దానికి మారుగా నాలుగు కారు హెడ్‌లైటు బల్బులు తగిలించితిమి. ఒక్కొక్కటి ఇంచుమించు 5 ఆంపియర్లు లాగును. తప్పు జరిగినను కాలునది బల్బే.

230 వోల్టుల కరెంటు ట్రాన్స్‌ఫార్మరులో తగ్గి, డయోడులు దాటి, సెకనునకు 100 అలలుగా వచ్చును. అలకును అలకును నడుమ లోటును, వానల నడుమ చెరువువలె, పెద్ద కెపాసిటరు తీర్చవలెను. పిదప రెగ్యులేటరు దానిని 13.8కు కుదించును.

మీటరుతో ఒక్కొక్క మజిలీ చూచితిమి. రెగ్యులేటరులోని జెనర్ డయోడు కొలత చలింపలేదు. కెపాసిటరు కడ మాత్రము, బల్బులు వెలుగగనే వోల్టేజి పడిపోయి, అలలు హెచ్చెను. ఏండ్లు గడచి దానిలోని ద్రవమెండినది. రెగ్యులేటరు వచ్చినదానిని తగ్గింపగలదు గాని, రానిదానిని సృష్టింపలేదు. రాబడి లేక ఖర్చు పెట్టుటెట్లు?

ప్లగ్గు తీసి, నిలువ విద్యుత్తును రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, అదే ప్రమాణము గల క్రొత్త కెపాసిటరును ధన ఋణములు తప్పక అమర్చితిమి. నాలుగు బల్బులు వెలుగుచుండగా 13.7 నిలిచెను. అటుపిమ్మటనే సెట్టును తగిలించితిమి.

ఈ తెలివి నాకు బడిలో అబ్బలేదు. ఈ గ్రంథాలయపు బల్లకడ అబ్బినది. భారత భాగవతముల సరసనే విద్యుత్తు పుస్తకములను గూడ ఉంచవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను. యువకులు పరీక్ష నిచ్చి లైసెన్సు పొందిన పిదపనే ప్రసారమునకు పూనుకొనవలెనని మనవి.