ఫిడేలు సాధన



సంగీతము నేర్చుకొను పిల్లలున్న ఇండ్లలో తరచుగా వినబడు మాట యొకటి కలదు: "రోజూ గంటసేపు వాయిస్తూనే ఉన్నాడండీ, అయినా చేయి తిరగడం లేదు." పిల్లవానికి సంగీతము రాసిపెట్టలేదని పెద్దలు నిశ్చయింతురు, ఫిడేలు పెట్టెతో సహా అటకెక్కును. పెక్కుమారులు లోపము పిల్లవానిలో లేదు, సాధన జరిగిన తీరులో నున్నదని మనవి చేయుచున్నాను.

వీణకు 24 మెట్లు కలవు. ఫిడేలునకు ఒక్కటియు లేదు. వ్రేలు నూగుగింజంత జరిగినను స్వరము తప్పును. కావున చెవియే ఇచట మెట్టు. మొదట తంబురా శ్రుతిలో వట్టి తీగలపై కమానును మొదలునుండి కొనవరకు నిదానముగా లాగి నాదమును నిలుపుకొనవలెను. పిమ్మట సరళి స్వరములు. వాయింపబోవు స్వరమును ముందుగా గొంతుతో పాడుకొనుట మేలు. మనసున పలుకని స్వరమును వ్రేలు వెదకజాలదు.

నా చిన్నతనమున మోహనరాగ వర్ణమొకటి నాలుగు నెలలు పరుగుపరుగున వాయించితిని. చరణస్వరములలో నొకచోట గాంధారము కొంచెము తగ్గి పలికెడిది. ఆ చోటును వడిగా దాటిపోయెడివాడను. మా గురువుగారు విని కోపపడలేదు. "నాలుగు నెలలు ఆ తప్పునే సాధన చేశావు నాయనా, అది బాగా వచ్చింది" అనిరి. ఆ తప్పు వదలుటకు మరి ఆరు నెలలు పట్టినది. చేయి మంచిచెడ్డ లెరుగదు. మరల మరల చేయించినదానినే నేర్చుకొనును.

మన పెద్దలు మూడు కాలములు ఏర్పరచినది ఇందుకే. తాళము మారదు, అక్షరమునకు ఒక స్వరము, తరువాత రెండు, ఆపై నాలుగు. రెండవ కాలమున తడబడినచో సిగ్గుపడక మొదటి కాలమునకు దిగవలెను. కష్టమైన ఆవర్తమును విడదీసి, వరుసగా నాలుగుమారులు తప్పు లేక పలికిన పిమ్మటనే ముందుకు సాగవలెను.

అరగంట చాలును: ఐదు నిమిషములు వట్టి తీగలు, పది స్వరములు, పది కష్టమైన చోటు, కడపటి ఐదు తనకు ఇష్టమైన పాట. ఆదివారము నాటి ఐదు గంటలకంటె ప్రతిదినము అరగంట మేలు. వారమున కొకమారు సెల్‌ఫోనులో రికార్డు చేసి వినిన, వాయించునప్పుడు తెలియని తప్పు తెలియును.

వినుటయు సాధనయే. 1919లో విజయనగరము సంగీత కళాశాలలో అధ్యాపకులై, తరువాత దానికి అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి రికార్డులు నేటికిని లభించుచున్నవి. వానిలో ఆ కమాను నిదానమును గమనింపుడు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపము. "ఎంతసేపు వాయించావు?" అని అడుగుట మాని, "ఈ రోజు ఏ చోటు కష్టంగా ఉంది?" అని అడుగుడు. దానికి జవాబు చెప్పగలిగిన నాడు ఆ బిడ్డ సాధకుడైనట్లే. ఫిడేలును అటకపైనుండి దింపవచ్చును.