మన వీడియోలు ఎవరి చేతుల్లో ఉన్నాయి?

(కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990లలోనే వీడియో కెమెరా చేతబట్టారు. ఎదుటి మనిషి కళ్ళకు సమంగా తీసే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానం గనుక. తీసేటప్పుడు పాటించే ఈ సమానత్వాన్ని దాచేటప్పుడూ పంచేటప్పుడూ మనం మరిచిపోతున్నాం.

2020 లాక్‌డౌన్‌లో మా శిక్షణ ఫోన్లలోకి మారింది. గృహహింస గురించి ఒక చెల్లెలు చెప్పుకున్న అనుభవాన్ని పాఠంగా గ్రూపులో పెట్టాను. వారం తిరక్కుండా అది ఆమె అత్తవారింటికి చేరింది. ఆమె శిక్షణకే ఒప్పుకుంది, ఊరంతా చూడ్డానికి కాదు. తప్పు నాదే.

తర్వాత పద్ధతి మార్చుకున్నాం. చట్టాల పాఠాలు చిన్న చిన్న భాగాలుగా అందరికీ పంపుతాం. అనుభవాలున్నవి పాస్‌వర్డ్ పెట్టిన రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు చోట్ల దాస్తాం. చూపే ప్రతిసారీ ఆమెను అడుగుతాం. వద్దంటే చెరిపేస్తాం. అత్యాచార బాధితురాలి వివరాలు ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా.

మీ ఆఫీసు బీరువాల్లో, ఫోన్లలో ఎవరెవరి ముఖాలున్నాయి? వాళ్ళని అడిగామా? ఇళ్ళకు వెళ్ళగానే ఒక జాబితా రాయండి. అక్కడినుంచి మొదలుపెడదాం.