నిజమైన ఇంటికి అబద్ధపు కొలతలు



"ఇల్లు కట్టి చూడు" అన్న పెద్దలు ఎంత ఇల్లో చెప్పలేదు. గుప్పెట్లో పట్టే ఇల్లు కట్టినా ఆ మాట నిజమేనని ఈ హాల్లో కూర్చున్న నమూనాల పనివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మీలో చాలామంది ఇంకా పునాది కూడా పడని అపార్ట్‌మెంట్ల నమూనాలు చేస్తారు. వాటిని గాజు పెట్టెలో పెట్టి, లోపల లైట్లు వెలిగించి, "ముట్టరాదు" అని బోర్డు తగిలిస్తారు. నేనూ చాలా ఏళ్ళు అదే పని చేశాను. ఇవాళ చెప్పబోయేవి మాత్రం ముట్టుకోవడానికే చేసే ఇళ్ళు. కప్పు ఎత్తుతారు, లోపల మనుషుల్ని దింపుతారు, మీద పాచికలు దొర్లుతాయి, ఒక్కోసారి టీ కూడా ఒలుకుతుంది. బల్ల మీద సైనిక బొమ్మలతో ఆడే యుద్ధాల ఆటకోసం చేసే ఇంగ్లండు మధ్యయుగపు ఇళ్ళివి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1812లో రైస్విట్స్ అనే ఆయన ప్రష్యా రాజుకి ఒక బల్ల బహూకరించాడు. దానిమీద కొండా, నదీ, ఊరూ అన్నీ ప్లాస్టరు పలకలుగా పేర్చుకోవచ్చు. సైన్యాధికారులకి అది పాఠం, రాజుగారికి కాలక్షేపం. తర్వాత 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి ఆ ఆటని మామూలు ఇంటి గదిలోకి తెచ్చాడు. ఆయన మొదట్లో ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు పేర్చి కొండలనుకున్నాడు. పుస్తకాలు అంతకంటే బరువైన పని ఎప్పుడూ చేసి ఉండవు. ఇప్పుడు ఎక్కువమంది ఆడేది 28 మిల్లీమీటర్ల బొమ్మలతో. ఆ 28 పాదం నుంచి కంటివరకా, నెత్తివరకా అని ఇప్పటికీ పోట్లాడుకుంటారు. మనం దాన్ని ఒకటికి అరవై అనుకుందాం.

ఇక్కడే మన వృత్తికి సంబంధించిన చిక్కు మొదలవుతుంది. మనకి స్కేలు అంటే ప్రమాణం చేసినట్టే. ఒకటికి వంద అన్నామంటే గోడైనా, గేటైనా, కారైనా ఒకటికి వందే. కాదంటారా? బిల్డరు చెప్పాడని చెట్లు కాస్త పెద్దవి చేసి, కార్లు కాస్త చిన్నవి చేసినవాళ్ళు ఇక్కడెవరూ లేరని నమ్ముతున్నాను. (నవ్వకండి, ఆ జాబితాలో మొదటి పేరు నాదే.) ఈ ఆటలో మాత్రం స్కేలు పాటిస్తే ఆటే సాగదు.

లెక్క చూడండి. ఇంగ్లీషు విలుకాడి బాణం సుమారు 200 మీటర్లు పోతుందనుకుందాం. ఒకటికి అరవై లెక్కన బల్లమీద అది మూడు మీటర్ల పైమాట, అంటే పదకొండు అడుగులు. బల్ల ఆరడుగులూ నాలుగడుగులూ. వేసిన బాణం బల్ల దాటి, సోఫా దాటి, వంటింట్లో పడుతుంది. అందుకని నియమాలు రాసేవాళ్ళు బాణం దూరాన్ని కుదిస్తారు. డానియల్ మెర్సీ 2014లో రాసిన 'లయన్ రాంపంట్'లో విలుకాళ్ళ దూరం 18 అంగుళాలు. అంటే బొమ్మ ఒకటికి అరవై, దాని కాళ్ళ కింద నేల ఒకటికి నాలుగువందల పైచిలుకు. ఈ రెండు స్కేళ్ళూ ఒకే బల్లమీద, ఒకే అంగుళంలో కాపురం చేయాలి.

ఇప్పుడు ఆ నేలమీద ఇల్లు పెట్టండి. 12 మీటర్ల పొడవున్న రైతు ఇల్లు బొమ్మకి సరిపోయేలా కడితే 20 సెంటీమీటర్లు వస్తుంది. కానీ ఆ నేల లెక్కన ఆ 20 సెంటీమీటర్లు దాదాపు 90 మీటర్లు. ఒక్క ఇల్లు వీధంతా ఆక్రమించేసింది! అందుకే చేయి తిరిగినవాళ్ళు ఇంటి ఎత్తుని బొమ్మకి సరిపెట్టి, పొడవు వెడల్పులు మాత్రం కోసేస్తారు. నాలుగు గదుల ఇల్లు రెండు గదులవుతుంది, మూడు ఇళ్ళు ఒక ఊరవుతాయి. చూసేవాడి కన్ను తలుపునీ, మనిషినీ పోల్చి తృప్తి పడిపోతుంది. గోడ పొడవు ఎవడూ కొలవడు.

ఆ తలుపులోనూ మోసముంది. నిజమైన తలుపు 1.8 మీటర్లు అనుకుంటే బల్లమీద 30 మిల్లీమీటర్లు. కానీ మన సైనికుడు ఒక బిళ్ళమీద నిలబడ్డాడు, నెత్తిన ఇనుప టోపీ ఉంది. వాడి తల గుమ్మానికి కొట్టుకుంటుంది. అందుకని 36, 38 పెట్టుకోవాలి. వెడల్పు ఇంకా కష్టం. కాలికింద బిళ్ళే 25 మిల్లీమీటర్లుంటే మధ్యయుగపు ఇరుకు గుమ్మంలో వాడు పట్టనే పట్టడు. చాలామంది అక్కడ రాజీ పడి తలుపు మూసేస్తారు. కప్పు ఎత్తి వాణ్ణి పైనుంచి దింపుతారు, దేవుడు దింపినట్టు.

ఇక వీధి వెడల్పు. దీనికి నేను ఏ పుస్తకమూ చూడను, నా అరచెయ్యి పెట్టి చూస్తాను. రెండు వరసల ఇళ్ళ మధ్య పడిపోయిన బొమ్మని తీయాలంటే వేళ్ళు దూరాలి. పై అంతస్తు వీధిమీదికి ముందుకి పొడుచుకొచ్చే ఇళ్ళు ఇంగ్లండు పట్టణాల్లో ఉండేవి. చూడ్డానికి ఎంతో అందం. ఆడేటప్పుడు ఆ పొడుచుకొచ్చిన దాని కింద ఎవరున్నారో కనిపించక గొడవలు. నేను అలాంటివి వరసకి ఒకటే పెడతాను.

ఇవన్నీ చెప్పుకుంటూ పోతే లెక్కలే మిగులుతాయి. ఒక ఊరు చూద్దాం. సెయింట్ ఆల్బన్స్, లండన్‌కి ఉత్తరాన ఉంది. ఇంగ్లండు సింహాసనం కోసం జరిగిన గులాబీల యుద్ధాల్లో మొదటి పోరు 1455 మే 22న ఆ ఊళ్ళోనే జరిగింది. పొలంలో కాదు, వీధుల్లో. ఆరవ హెన్రీ రాజు సైన్యం ఊళ్ళోకి వచ్చే దారులకి అడ్డుకట్టలు వేసుకుని కూర్చుంది. యార్క్ డ్యూక్ మనుషులు ఆ కట్టల దగ్గర ఎంత కొట్టుకున్నా లోపలికి రాలేకపోయారు. అప్పుడు యార్క్ పక్షాన ఉన్న వారిక్ ప్రభువు కట్టల్ని వదిలేసి, ఇళ్ళ వెనక పెరళ్ళలోంచి దూరి, రెండు సత్రాల మధ్య సందులోంచి సంతవీధిలోకి బయటపడ్డాడు. ఊరి గంట మోగింది. అక్కడున్న రాజు మనుషులు చాలామంది ఇంకా కవచాలు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. రాజుగారికి మెడ దగ్గర బాణం తగిలింది. ఆయన్ని తోళ్ళు పదునుచేసేవాడి ఇంట్లోకి తీసుకెళ్ళారని ఒక కథనం. రాజు పక్షాన ఉన్న సోమర్సెట్ డ్యూక్ ఒక సత్రం గుమ్మం దగ్గర చచ్చిపోయాడు. ఆ సత్రం పేరు 'కాసిల్'. కోటల దగ్గరికి పోవద్దని ఆయనకి ఎవరో జోస్యం చెప్పారనే కథని షేక్‌స్పియర్ కూడా వాడుకున్నాడు.

ఈ పోరుని బల్లమీద పెట్టాలంటే దేన్ని కట్టాలి? మొదట అందరి కన్నూ మఠం మీద పడుతుంది. సెయింట్ ఆల్బన్స్ మఠం చర్చి మధ్యశాల ఒక్కటే 85 మీటర్లు. ఒకటికి అరవైలో అది 140 సెంటీమీటర్లు దాటుతుంది. ఆరడుగుల బల్లమీద ఆ ఒక్క శాలే దాదాపు అయిదడుగులు తింటే ఇక యుద్ధం ఎక్కడ చేస్తారు? అందుకని మఠాన్ని బల్ల అంచు అవతల ఉందనుకుని వదిలేశాను. గంటగోపురం సంగతి వేరు. అది 1403కీ 1412కీ మధ్య కట్టింది, ఇప్పటికీ నిలబడి ఉంది. అరవై అడుగుల పైచిలుకు ఎత్తు, బల్లమీద అడుగు దాటుతుంది. ఆ రోజు మోగిన గంట పేరు గాబ్రియేల్. అది కట్టి తీరాల్సిందే.

కానీ యుద్ధాన్ని తేల్చింది గోపురం కాదు, పెరళ్ళు. ఇది తెలియడానికి నాకు రెండుసార్లు ఆడాల్సొచ్చింది. మొదటిసారి వీధికి రెండు పక్కలా అందమైన ముఖాలతో ఇళ్ళు పెట్టాను. వెనక ఏమీ లేదు, సినిమా సెట్టులా ఉంది. వారిక్‌గా ఆడిన కుర్రాడు బల్ల చుట్టూ తిరిగి వచ్చి, "ఇంటివెనక ఏముంది, సర్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆరు నెలలు పెరళ్ళే చేశాను. కంచె, పెంట కుప్ప, పందుల కొట్టం, కూరపాదులు, బయటి మరుగుదొడ్డి. మన నమూనాల్లో ఎప్పుడూ ఉండనివన్నీ అవే.

ఇప్పుడు ఇల్లు ఎలా కడతారో చూద్దాం. ఇక్కడ మన వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లండు కుర్రాళ్ళకి బొమ్మలు గీసి చెప్పాల్సినవి మనకి సగం తెలుసు. ఓక్ దుంగలతో చట్రం. చట్రం మధ్య ఖాళీల్లో నిలువు బద్దలు, వాటికి హేజెల్ కొమ్మలు అల్లిన తడిక. తడికమీద మట్టీ, గడ్డీ, పేడా కలిపిన మెత్తు. పైన వెల్ల. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఈ మాట చెబితే "ఇందులో విశేషమేముంది?" అనేవారు. కప్పు మాత్రం మన నిట్రాడుమీద నిలబడదు. చాలాచోట్ల వంపు తిరిగిన రెండు పెద్ద దూలాలు నేల దగ్గర మొదలై పైన వెన్ను దగ్గర కలుసుకుంటాయి, పడవని బోర్లించినట్టు. దాన్ని క్రక్ అంటారు. బల్లమీద ఫోమ్ బోర్డు గోడలు, దుంగలకి కాఫీ కలిపే పుల్లలు, పెంకులకి కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె ముక్కలు, గడ్డి కప్పుకి ఫెవికాల్‌లో ముంచిన పాత తువ్వాలు. తడిసిన తువ్వాలుని దువ్వెనతో కిందికి దువ్వి ఆరనిస్తే రెల్లు కప్పులా గట్టిపడుతుంది. కొబ్బరిపీచు కూడా వాడి చూశాను. ఈ స్కేలుకి అది మరీ మోటు. ఒక్క హెచ్చరిక, స్ప్రే డబ్బాతో రంగు నేరుగా థర్మోకోల్ మీద కొట్టకండి. నా మొదటి సత్రం కళ్ళముందే పుండుపడినట్టు కరిగిపోయింది. పైన ఫెవికాల్ పూత వేసుకుని, నీళ్ళలో కలిసే రంగులతో కుంచె పట్టండి.

కొలతల విషయంలో ఎంత అబద్ధమైనా ఆడండి, నాకు అభ్యంతరం లేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు కదా. నాకు కోపం వచ్చేది వేరే అబద్ధానికి, వయసు గురించి ఆడేదానికి.

మధ్యయుగపు ఇల్లు అనగానే అందరూ తెల్లగోడలమీద నల్లటి దుంగలు వేస్తారు. ఇంగ్లండు వెళితే కనిపించేవీ అలాంటివే. ఆ నల్లరంగు చాలాచోట్ల విక్టోరియా రాణి కాలపు మోజు. ఓక్ ఎండకీ వానకీ వెండిబూడిద రంగు తిరుగుతుంది. దుంగ, గోడ అన్న తేడా లేకుండా మొత్తం మీద వెల్ల వేసిన ఇళ్ళూ ఉండేవి. ఇంకో అలవాటు, ఇంటిని వంకరగా, కప్పు నడుము విరిగినట్టు చేయడం. 1983లో వార్‌హామర్ అనే ఊహాలోకపు యుద్ధాల ఆట వచ్చిన తర్వాత అలాంటి వంకర ఇళ్ళు అందరి బల్లలమీదికీ పాకాయి. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ ఆ వంకర చాలావరకు ఆరువందల ఏళ్ళ బరువుది. 1455లో ఆ సంతవీధిలో పరుగెత్తిన విలుకాడికి ఎన్నో ఇళ్ళు తన తండ్రి కాలంలో కట్టినవే, నిటారుగా నిలబడ్డవే. మనం ఆనాటి ఇల్లు చేయడం లేదు, ఇవాళ్టి టూరిస్టు తీసిన ఫోటోని చేస్తున్నాం.

పేదరైతు ఇల్లంటే కూలిపోయే గుడిసె అనుకోవడమూ అలాంటిదే. ఒకప్పుడు పరిశోధకులూ అలాగే అనుకున్నారు. యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే పాడుబడ్డ ఊరిని 1950 నుంచి 1990 వరకు నలభై ఏళ్ళు తవ్వేసరికి ఆ నమ్మకం సడలింది. తర్వాత మధ్య ఇంగ్లండులో ఇప్పటికీ మనుషులుంటున్న ఇళ్ళ దూలాల్లో చెట్టు వయసు చెప్పే వలయాలు లెక్కబెట్టి చూస్తే, చాలా ఇళ్ళు పదిహేనో శతాబ్దానికి ముందూ, ఆ శతాబ్దంలోనూ రైతులు కట్టుకున్నవని తేలింది. ఆరువందల ఏళ్ళు నిలబడ్డదాన్ని గుడిసె అనగలమా?

పొగగొట్టం విషయంలో తప్పు నాదే. నా మొదటి ఇంటికి ఇటుకల పొగగొట్టం ఎంతో ముచ్చటపడి పెట్టాను. ఆటకి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని వేలితో తట్టి, "ఇది వంద ఏళ్ళు ముందే వచ్చేసింది" అన్నాడు. మామూలు ఇళ్ళలో పొగగొట్టాలు పదహారో శతాబ్దంలో విరివిగా వచ్చాయి. అంతకు ముందు నట్టింట నేలమీద పొయ్యి, పొగంతా కప్పులోకి. డెవన్‌లో కొన్ని పాత ఇళ్ళలో ఆ పొగకి నల్లబడ్డ గడ్డి ఇప్పటికీ కప్పు అడుగున ఉంది, పైన కొత్త గడ్డి పొరలు పడుతూ వచ్చాయంతే. కాబట్టి నల్లరంగు ఉండాల్సిందే, ఇంటి బయట కాదు, లోపల.

నేను చేసిన సంతవీధి వరస ఆ పక్క బల్లమీద పెట్టాను. టీ తాగేటప్పుడు కప్పులు ఎత్తి చూడండి, లోపలి వాసాలకి మసి పూశాను. చూరు పట్టుకుని మాత్రం ఎత్తకండి, తువ్వాలు ఊడివస్తుంది. వెన్ను దగ్గర పట్టుకోండి.