శత్రురాజుపై దాడి: ముందు లెక్క, తరువాత త్యాగం



చదరంగంలో మనందరికీ ఇష్టమైన ఘట్టం ఎదుటి రాజుపై దాడి. ఈ దాడి ఎప్పుడు ఫలిస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది అన్నది ఈరోజు మన పాఠం.

ముందు నా ఓటమి ఒకటి చెబుతాను. ఇక్కడ రాయపూర్‌లో నేను కళాశాలలో చదివే రోజుల్లో, ఒక పోటీ చివరి ఆటలో నాలుగో ఎత్తుకే మంత్రిని బయటికి తెచ్చాను. చెక్ మీద చెక్ చెప్పాను. రాజు ఒక్కొక్క గడి తప్పుకున్నాడు. ప్రత్యర్థి గుర్రాలు, శకట్లు నా మంత్రిని తరుముతూనే మంచి గళ్ళకు చేరుకున్నాయి. చివరికి మంత్రి చిక్కాడు. అప్పటికి నా ఏనుగులు రెండూ మూలల్లోనే ఉన్నాయి. నేను దాడి చేశాననుకున్నాను. నిజానికి నా మంత్రి ఒక్కడే చేశాడు.

సరైన దాడి ఎలా ఉంటుందో చూద్దాం. 1858లో పారిస్ ఒపేరా నాటకశాలలో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ తెల్లపావులతో ఆడాడు. నల్లపావుల వైపు బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్ ఇద్దరూ కలిసి ఆలోచించి ఆడారు. 17 ఎత్తుల్లో ఆట కట్టు!

మార్ఫీ తొమ్మిదో ఎత్తు వేసేసరికి ఆయన మంత్రి, రెండు శకట్లు, ఒక గుర్రం రంగంలో ఉన్నాయి. నల్లవైపు బయటికి వచ్చినవి ఒక గుర్రం, మంత్రి మాత్రమే. పైగా ఆ మంత్రి తన శకటుకే అడ్డంగా నిలబడ్డాడు. అందువల్ల రాజు ఆ వైపు కోటలోకి వెళ్ళే దారి లేక నడిమధ్యలో మిగిలిపోయాడు.

అప్పుడు మార్ఫీ గుర్రాన్ని ఇచ్చి రెండు బంట్లు తీసుకుని శకటుతో చెక్ చెప్పాడు. పన్నెండో ఎత్తులో తన రాజును కోటలో పెట్టుకున్నాడు. గమనించండి, ఆ ఒక్క ఎత్తుతో రాజుకు భద్రత దొరికింది, ఏనుగు కూడా తెరిచి ఉన్న డి వరుసలోకి వచ్చింది. తరువాత ఆ ఏనుగును ఇచ్చి డి7లోని గుర్రాన్ని తీశాడు; వెంటనే రెండో ఏనుగును అదే వరుసలోకి తెచ్చాడు. పదహారో ఎత్తులో మంత్రినే బి8లో ఇచ్చేశాడు. నల్ల గుర్రం ఆ మంత్రిని తీయక తప్పలేదు. తీయగానే డి వరుస తెరుచుకుంది. ఏనుగు డి8కి వచ్చింది, జి5లోని శకటు దానికి కాపలా. రాజుకు దారి లేదు.

చివరికి మార్ఫీకి రాజు, బంట్లు కాక ఒక ఏనుగు, ఒక శకటు మిగిలాయి. నల్లవైపు మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం ఉన్నాయి. కానీ ఆ ఏనుగు, శకటు ఆట మొత్తంలో ఒక్కసారీ కదలలేదు. బల్ల మీద ఎన్ని పావులున్నాయన్నది కాదు, రాజు దగ్గర ఎన్ని పనిచేస్తున్నాయన్నది లెక్క.

కాబట్టి త్యాగానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, నా రాజు భద్రంగా ఉన్నాడా? రెండు, దాడి చేసే పావులు కాపాడే పావులకన్నా ఎక్కువగా ఉన్నాయా, వాటికి తెరిచిన వరుసలు ఉన్నాయా? మూడు, ఎదుటివాడి అత్యుత్తమ జవాబు ఏమిటి? మూడోది సైన్సు విద్యార్థికి కొత్త కాదు. మన ఊహను మనమే తప్పని నిరూపించడానికి ప్రయత్నించాలి. అప్పటికీ నిలబడితేనే ఎత్తు వేయాలి.

1886లో మొదటి అధికారిక ప్రపంచ విజేత అయిన విల్‌హెల్మ్ స్టెయినిట్జ్ బోధించిన సారమూ ఇదే: ఆధిక్యం సంపాదించాకే దాడి.

మన తెలుగువారిలో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. వరంగల్ యువకుడు అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగు దాటాడు. మన రాయపూర్‌లోనూ 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ గ్రాండ్‌మాస్టర్ల పోటీ జరిగింది. పెద్ద ఆట మన గుమ్మం దాకా వచ్చింది.

ఈరోజు ఇంట్లో బల్ల పరచి మార్ఫీ ఆటను వేసి చూడండి. పన్నెండో ఎత్తు దగ్గర ఆగి, రెండు వైపులా పనిచేస్తున్న పావులను లెక్కపెట్టండి. తరువాత మీరు ఓడిపోయిన ఒక ఆటను తీసుకుని అదే లెక్క వేయండి. నేను నా ఓటమికి కారణం అలాగే తెలుసుకున్నాను.

సెలవు.