ఆటల పీరియడ్ ఎవరిది?
అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు గుండె వేగం పెరిగేంత కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉంటుంది. పరీక్షలు దగ్గరపడగానే అందులోకి లెక్కల మాస్టారు వచ్చేస్తారు. ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పినా, అపార్ట్‌మెంట్లలో నడిచే బడులకు గ్రౌండేదీ?

స్కాట్లండ్‌లోని స్టెర్లింగ్‌లో ఓ ప్రాథమిక పాఠశాల 2012లో పిల్లల్ని రోజూ 15 నిమిషాలు బయట పరుగెత్తించడం మొదలుపెట్టింది. బట్టలు మార్చుకునే పనిలేదు, పోటీ లేదు, ఆయాసమొస్తే నడవొచ్చు. అదే 'డైలీ మైల్'గా ఎన్నో దేశాలకు పాకింది. దీనికి బడి చుట్టూ కాస్త దారి చాలు. మన ఎండలకు మాత్రం పొద్దుటిపూటే నయం.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్తే, మార్కులతోపాటు ఆటల పీరియడ్ సంగతీ అడగండి.