చలికాలమున చెట్ల సంరక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. నేను చెట్లను గూర్చి మాటలాడుటకు కారణము ఈ ఆవరణలోనే ఉన్నది. మూడేండ్ల క్రిందట మృగశిర కార్తెలో మనమందరము కలసి ఇచ్చట ఇరువది మొక్కలు నాటితిమి. వానలున్నంతకాలము అవి ఏపుగా పెరిగినవి. దీపావళి దాటిన పిదప నీరు పోయు వంతు నాది. "చలికాలమే కదా, నీరెందుకు?" అని ఊరకుంటిని. సంక్రాంతి నాటికి నాలుగు మాత్రమే మిగిలినవి. చలికి చచ్చినవని అందరును అనిరి. నేనును అట్లే చెప్పి తప్పించుకొంటిని. కాని ఆ నాలుగును మనము కాళ్ళు కడుగుకొను కుళాయి చెంత ఉన్నవే! చలి అన్నిటికిని సమానమే. నీరు మాత్రము వాటికే దక్కినది.

కాశ్మీరము, హిమాచలము వంటి చోట్ల చలికి చెట్టులోని నీరే గడ్డకట్టి లేత కొమ్మలు చచ్చును. మన పాలమూరు, నల్లగొండ మెట్టలలో రాత్రి వేడిమి పది డిగ్రీల దరికి దిగినను అట్టి భయము లేదు. మన చెట్లకు శత్రువు దప్పిక. అక్టోబరుతో వానలు వెనుదిరుగును. మరల జూను వరకు నమ్మదగిన వాన లేదు. ఎర్ర చల్క నేల తడిని ఎక్కువకాలము నిలుపదు. పొడిగాలి ఆకులలోని తేమను లాగివేయును. చల్లదనముచే మనకు దప్పిక తెలియదు గనుక మొక్క దప్పికయు మనకు తోచదు.

బత్తాయి రైతులు నన్నొక ప్రశ్న అడుగవచ్చును: "మేము నవంబరు, డిసెంబరు నెలలలో కావలెననియే నీరు ఆపుదుము కదా?" నిజమే. కాపునకు వచ్చిన చెట్టును కొన్నాళ్ళు వాడనిచ్చి, పిదప ఎరువు వేసి నీరిచ్చినచో జనవరి, ఫిబ్రవరి నెలలలో పూత ఒక్కమారుగా వచ్చును. అది తెలిసి పెట్టు ఎద్దడి. తేలిక నేలలలో గడువు మీరినచో ఆకు రాలి, కొమ్మలు చివరలనుండి ఎండును. ఇక కాపునకు రాని లేత మొక్కకు ఆ శిక్ష ఎన్నడును తగదు.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. దినమునకొక చెంబెడు చల్లుటకన్న, వారమునకొకమారు ఉదయము రెండు బిందెలు పాదులో పోయుట మేలు. నీరు లోతునకు దిగినచో వేరును దాని వెంట దిగును. పాదులో ఎండుటాకు గాని వేరుశనగ పొట్టు గాని పరచుడు. మొదలునకు జానెడు దూరము విడువుడు, లేనిచో చెద పట్టును. రాలిన ఆకును తగులబెట్టకుడు. మందార, మల్లె, కరివేపాకు వంటి చిన్న మొక్కలకు గాలి వచ్చు వైపున కందికట్టెతో దడి కట్టుడు. సంక్రాంతి దాటిన పిదప దానినే పడమటి ఎండకు అడ్డముగా మార్చుకొనవచ్చును. బత్తాయి, నిమ్మ చెట్ల మొదళ్ళకు రెండడుగుల ఎత్తు వరకు బోర్డో లేపనము పూయుడు. ఒక కిలో మైలుతుత్తమును అయిదు లీటర్ల నీటిలోను, ఒక కిలో సున్నమును మరి అయిదు లీటర్లలోను వేరుగా కలిపి, పిదప ఒకటి చేయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. ఇది బంక కారు తెగులును అరికట్టును.

పెద్ద చెట్టునకు ఏ సంరక్షణయు అక్కరలేదనుకొనుట మరియొక పొరపాటు. మహబూబ్‌నగరు చెంతనున్న పిల్లలమర్రికి ఏడు వందల ఏండ్లని చెప్పుదురు. 2017 డిసెంబరులో దాని కొమ్మ విరిగిపడగా సందర్శకులను నిలిపివేసిరి. చెద లోలోపల తొలిచివేసినది. 2018లో రోగికి సెలైను ఎక్కించునట్లు, సీసాలనుండి చెదమందును బొట్టుబొట్టుగా కొమ్మలలోనికి ఎక్కించిరి. వంగిన కొమ్మలకు ఆధారములు నిలిపిరి. చెట్టు నిలిచినది. 2021లో తెలంగాణమున వేపచెట్లు శిలీంధ్రపు తెగులుచే కొనలనుండి మాడిపోగా, చచ్చినవని తలచినవారెందరో! ఓపిక పట్టినవారి చెట్లు అనేకము తిరిగి చిగిర్చినవి. ఎండిన చెట్టునెల్ల చచ్చిన చెట్టని గొడ్డలి ఎత్తరాదు.

సోదరులారా, పుస్తకము ఇంటికి కొనిపోవునప్పుడు మనము చిట్టాలో వ్రాలు చేయుదుము; గడువునకు తిరిగి తెత్తుము. దాని ప్రక్కన చెట్లకొక చిట్టా పెట్టుదము. ఒక్కొక్క చందాదారుడు ఒక్కొక్క మొక్కను తన పేర వ్రాసికొని, నీరు పోసిన తేదీ వేయవలెను. చచ్చిన పదునారింటి చోట రాబోవు తొలకరికి మరల నాటుదము. కార్తికము మొదలు ఫాల్గుణము వరకు నీటి వంతును ఈసారి నేనే అడిగి తీసికొనుచున్నాను. చిట్టాలో మొదటి వ్రాలు నాది.